ఫైనల్లో బార్క్‌లీకి 57 గజాలే.. అయినా ఈగల్స్‌కి 40 పాయింట్లు ఎలా వచ్చాయి? రన్-పాస్ బ్యాలెన్స్ అసలు లెక్క ఇదీ!

అమెరికన్ ఫుట్‌బాల్‌లో 2025 మార్చి మొదట్లో జరిగిన ఓ ఒప్పందం పెద్ద చర్చకే దారి తీసింది. ఫిలడెల్ఫియా ఈగల్స్ టీమ్ తన రన్నింగ్ బ్యాక్ సేక్వాన్ బార్క్‌లీ కాంట్రాక్టును మరో రెండేళ్లు పొడిగించింది. దాని విలువ 41.2 మిలియన్ డాలర్లు. మన కరెన్సీలో సుమారు 358 కోట్ల రూపాయలు. ఏడాదికి సగటున 20 మిలియన్ డాలర్లు దాటిన తొలి రన్నింగ్ బ్యాక్ ఇతనే.

సూపర్ బౌల్ గెలిచారు కదా, డబ్బులిచ్చారు.. ఇందులో వింతేముంది అనుకోవచ్చు. కానీ ఆ సూపర్ బౌల్ స్కోర్‌కార్డు ఒక్కసారి చూడండి. 2025 ఫిబ్రవరి 9న న్యూ ఆర్లీన్స్‌లో, అంటే మన టైమ్ ప్రకారం 10వ తేదీ తెల్లవారుజామున జరిగిన ఫైనల్లో ఈగల్స్ 40-22తో కాన్సస్ సిటీ చీఫ్స్‌ను చిత్తు చేసింది. ఆ మ్యాచ్‌లో బార్క్‌లీ 25 సార్లు బంతి పట్టుకుని పరిగెత్తాడు. వచ్చింది 57 గజాలు. ఒక్కోసారికి రెండున్నర గజాలు కూడా పడలేదు. సీజన్ మొత్తంలో 2,005 గజాలు పరిగెత్తిన ఆటగాడు అసలు మ్యాచ్‌లో ఆగిపోయాడు. అయినా టీమ్ 40 పాయింట్లు కొట్టింది.

మరి ఆ 57 గజాలకా ఇంత డబ్బు? ఒక రకంగా అవును, వాటికే. ఎలాగో చూద్దాం.

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో

ఈ ఆట ఫాలో అయ్యేవాళ్లు ఈ భాగం దాటేయొచ్చు. మిగతావాళ్ల కోసం.. ఒక్కో టీమ్ నుంచి మైదానంలో 11 మంది ఉంటారు. బంతి చేతిలో ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులు. వాటినే డౌన్స్ అంటారు. ఆ నాలుగింటిలో కనీసం 10 గజాలు ముందుకు పోతే మళ్లీ కొత్తగా నాలుగు ఛాన్సులు వస్తాయి. లేదంటే బంతి అవతలి టీమ్‌కి వెళ్లిపోతుంది. ఇక్కడ యార్డు అంటే మనం ప్లాట్ల లెక్కలో చెప్పుకునే గజమే.

ముందుకు పోవడానికి దారులు రెండు. ఒకటి రన్. అంటే క్వార్టర్‌బ్యాక్ బంతిని రన్నింగ్ బ్యాక్ చేతికిస్తే అతను గుంపులోంచి దూసుకుపోతాడు. రెండోది పాస్. క్వార్టర్‌బ్యాక్ బంతిని గాల్లోకి విసిరితే రిసీవర్ పట్టుకుంటాడు. 1906 వరకు ముందుకు విసరడమే రూల్స్‌కి విరుద్ధం. 1978లో రిసీవర్లను డిఫెండర్లు అడ్డుకోవడంపై ఆంక్షలు పెట్టాక పాస్‌దే రాజ్యం అయ్యింది.

సగటు లెక్క చూస్తే రన్‌కి నాలుగు గజాల పైచిలుకు వస్తుంది. విసిరిన ఒక్కో పాస్‌కి ఏడు గజాల చుట్టుపక్కల వస్తుంది. మరి ఎప్పుడూ పాసే విసరొచ్చుగా? అక్కడే ఉంది మెలిక. పాస్ కింద పడితే వచ్చేది సున్నా. విసిరేలోపు క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే ఉన్న గజాలు కూడా పోతాయి. అవతలి వాడు మధ్యలో పట్టేసుకుంటే బంతే పోతుంది. పైగా పాస్ కింద పడగానే గడియారం ఆగుతుంది. రన్ చేస్తే సాధారణంగా గడియారం నడుస్తూనే ఉంటుంది. లీడ్‌లో ఉన్న టీమ్‌కి ఆ నడిచే సెకన్లు బంగారం.

సగం-సగం కాదు.. భయం సమానంగా ఉండాలి

బ్యాలెన్స్ అనగానే చాలామంది 30 రన్‌లు, 30 పాస్‌లు అనుకుంటారు. మన కామెంటేటర్లు పార్ట్‌నర్‌షిప్ గురించి చెప్పినట్టు అక్కడి కోచ్‌లు కూడా ఏళ్ల తరబడి ఈ మాటే చెబుతూ వచ్చారు. కానీ 2024 సీజన్ ఈగల్స్‌ని ఈ తూకంలో వేస్తే లీగ్‌లోనే బ్యాలెన్స్ లేని టీమ్ అదే! రెగ్యులర్ సీజన్‌లో అందరికంటే ఎక్కువగా, 600కు పైగా రన్‌లు ఆడింది వాళ్లే. అందరికంటే తక్కువగా, 450 లోపు పాస్‌లు విసిరింది కూడా వాళ్లే. అలాంటి టీమ్ 17 మ్యాచ్‌ల్లో 14 గెలిచి చాంపియన్ అయ్యింది.

కాబట్టి బ్యాలెన్స్ అంటే లెక్క సమానంగా ఉండటం కాదు. ఎదుటి టీమ్ దేన్ని వదిలేసినా దాంతో శిక్షించగలగడం. క్రికెట్‌లో చూడండి. బుమ్రా ఓవర్‌లో మూడు యార్కర్లు, మూడు స్లో బంతులు వేయాలని ఎవరూ అనరు. యార్కర్ వస్తుందేమోనన్న భయం బ్యాట్స్‌మన్‌కి ఉంటే ఒక్క స్లో బంతి చాలు, వికెట్ పడిపోతుంది. ఆ భయమే లేకపోతే స్లో బంతి స్టాండ్స్‌లో కనిపిస్తుంది. రన్, పాస్ మధ్య సంబంధం కూడా ఇలాంటిదే.

అసలు ఆట 11 మంది లెక్కలో ఉంది

మైదానంలో బంతి మొదలయ్యే గీత దగ్గర, ఆఫెన్స్ లైన్ ఎదురుగా ఉండే చోటుని బాక్స్ అంటారు. ఆ బాక్స్‌లో డిఫెన్స్ ఎంతమందిని నిలబెట్టింది అన్నదే మొదటి ప్రశ్న.

రన్‌ని ఆపాలంటే ఎనిమిది మందిని తెచ్చి అక్కడ పెట్టాలి. అప్పుడు వెనకాల మిగిలేది ముగ్గురే. ఈగల్స్ రిసీవర్లు ఏజే బ్రౌన్, డివాంటా స్మిత్‌లను ఒక్కొక్కరిని ఒక్కొక్కడే కాపలా కాయాలి. వాళ్లతో ఒంటరిగా పరిగెత్తడం అంటే కొరివితో తల గోక్కోవడమే. అలా కాదని ఇద్దరు సేఫ్టీలను వెనక్కి పంపి పాస్‌ని కాపాడుకుంటే బాక్స్‌లో మిగిలేది ఆరుగురు. అటువైపు అడ్డుకునేవాళ్లూ ఆరుగురే. అంటే బార్క్‌లీకి మొదటి నాలుగైదు గజాల వరకు తాకే మనిషే ఉండడు.

ఈ ఐదారేళ్లలో లీగ్‌లో చాలా టీమ్‌లు రెండో దారే పట్టాయి. ప్యాట్రిక్ మహోమ్స్, జోష్ అలెన్ లాంటి క్వార్టర్‌బ్యాక్‌లు ఒక్క పాస్‌తో 50 గజాలు లాగేస్తున్నారు. దాంతో 'నాలుగు గజాల రన్ పోతే పోనీ, పెద్ద పాస్ మాత్రం ఇవ్వొద్దు' అన్న ఆలోచన బలపడింది. ఆ స్టైల్‌ని పాపులర్ చేసిన కోచ్‌లలో ముఖ్యుడు విక్ ఫాంజియో. విచిత్రం ఏంటంటే 2024 సీజన్‌లో ఆయన ఈగల్స్ డిఫెన్స్ కోచే. అంటే లీగ్ అంతా పాస్‌కి భయపడేలా చేసిన మనిషీ, ఆ భయాన్ని రన్‌తో సొమ్ము చేసుకున్న టీమూ ఒకే గూటిలో ఉండేవారన్నమాట.

దీనికి తోడు ఈగల్స్ దగ్గర ఇంకో ఆయుధం ఉంది. క్వార్టర్‌బ్యాక్ జేలెన్ హర్ట్స్ స్వయంగా పరిగెత్తగలడు. మామూలుగా క్వార్టర్‌బ్యాక్ బంతి ఇచ్చేశాక అతని పని అయిపోయినట్టే. ఆఫెన్స్‌కి పది మంది, డిఫెన్స్‌కి పదకొండు మంది. హర్ట్స్ విషయంలో అలా కుదరదు. బంతి బార్క్‌లీకి ఇస్తున్నట్టు చూపించి, ఎదురుగా ఉన్న ఒక్క డిఫెండర్ ఎటు కదిలాడో చూస్తాడు. వాడు బార్క్‌లీ మీదకి పోతే హర్ట్స్ తనే బంతి ఉంచుకుంటాడు, లేదా వాడు ఖాళీ చేసిన చోటుకే చిన్న పాస్ విసిరేస్తాడు. వాడు హర్ట్స్ కోసం ఆగితే బంతి బార్క్‌లీకే. ఇలా రన్‌గానో పాస్‌గానో మారే ప్లేని అక్కడ ఆర్‌పీఓ అంటారు. రన్నా, పాసా అన్న నిర్ణయం కోచ్ బోర్డు మీద కాదు, బంతి కదిలాక అర సెకనులో జరుగుతుంది. ఆ డిఫెండర్ ఏం చేసినా తప్పే.

బ్యాలెన్స్ అంటే ఇదీ. ఒకే ప్లేలో రెండూ ఉండటం.

రన్నింగ్ బ్యాక్‌లకి విలువ లేదన్న రోజులు

ఈ కథలో డబ్బు కోణం చాలా ముఖ్యం. ఎందుకంటే 2023లో ఇదే బార్క్‌లీకి పొడవైన కాంట్రాక్టు ఇవ్వడానికి అతని పాత టీమ్ న్యూయార్క్ జెయింట్స్ ఒప్పుకోలేదు.

2018 డ్రాఫ్ట్‌లో రెండో ఆటగాడిగా జెయింట్స్ అతన్ని తీసుకుంది. తొలి ఏడాదే బెస్ట్ రూకీ అవార్డు. 2020లో మోకాలి లిగమెంట్ తెగింది. కోలుకుని మళ్లీ నిలబడ్డాడు. కానీ 2023 వచ్చేసరికి లీగ్ ఆలోచన మారిపోయింది. డేటా చూసే అనలిస్టులు ఒకటే మాట చెప్పారు. పాస్‌కే గజాలు ఎక్కువ. రన్ ఎక్కువగా అడ్డుకునే లైన్ మీద ఆధారపడుతుంది. రన్నింగ్ బ్యాక్‌ల ఒళ్లు త్వరగా అరిగిపోతుంది. అలాంటప్పుడు వాళ్ల మీద పెద్ద డబ్బు దండగ!

ఆ జులైలో బార్క్‌లీ, జాష్ జేకబ్స్, టోనీ పొలార్డ్.. ముగ్గురికీ గడువులోపు లాంగ్ కాంట్రాక్టులు దక్కలేదు. ఫ్రాంచైజ్ ట్యాగ్ పేరుతో ఏడాదికి 10 మిలియన్ డాలర్ల పైచిలుకు. రన్నింగ్ బ్యాక్‌లంతా వీడియో కాల్‌లో కూర్చుని మా సంగతేంటని చర్చించుకునే పరిస్థితి వచ్చింది. అదే లీగ్‌లో 2024లో డాలస్ క్వార్టర్‌బ్యాక్ డాక్ ప్రెస్కాట్‌కి ఏడాదికి 60 మిలియన్ డాలర్లు ఇచ్చారు. అదీ తేడా.

2024 మార్చిలో జెయింట్స్ వదిలేసింది. ఈగల్స్ మూడేళ్లకు 37.75 మిలియన్లతో తీసుకుంది. జెయింట్స్ స్టేడియం ఉన్నది న్యూజెర్సీ ఉత్తర భాగంలో. అదే రాష్ట్రం దక్షిణ భాగం అంతా ఈగల్స్ ఫ్యాన్సే. మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న రాష్ట్రం అది. అక్కడ పుట్టి పెరిగిన పిల్లలున్న ఇళ్లకు ఈ మార్పు ఎంత మంట పెట్టిందో తెలిసే ఉంటుంది. బార్క్‌లీ ఫిలడెల్ఫియాకి పోతే తనకి నిద్ర పట్టడం కష్టమేనని జెయింట్స్ ఓనర్ జాన్ మారా అన్న సీన్ టీవీ డాక్యుమెంటరీలో కూడా వచ్చింది.

ఆ తర్వాత ఏం జరిగిందో చూశాం. 16 మ్యాచ్‌ల్లో 345 క్యారీలు, 2,005 గజాలు. ఒక్కోసారికి 5.8. ఎన్‌ఎఫ్‌ఎల్ చరిత్రలో ఒకే సీజన్‌లో 2,000 దాటిన తొమ్మిదో ఆటగాడు. 1984లో ఎరిక్ డికర్సన్ పెట్టిన 2,105 రికార్డుకి 100 గజాల దూరంలో ఉండగా, చివరి మ్యాచ్‌లో అతనికి రెస్ట్ ఇచ్చారు. ప్రత్యర్థి ఎవరో తెలుసా? జెయింట్సే!

ఈ మార్పు ఒక్క రోజులో రాలేదు

సీజన్ మొదట్లో ఈగల్స్ ఇలా లేదు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో రెండు గెలిచి రెండు ఓడింది. హర్ట్స్ బంతిని పదే పదే పోగొట్టుకున్నాడు.

సెప్టెంబర్ 16న అట్లాంటా ఫాల్కన్స్‌తో మ్యాచ్‌నే తీసుకుందాం. ఈగల్స్ 18-15 లీడ్‌లో ఉంది. రెండు నిమిషాల లోపే టైమ్ మిగిలింది. మూడో డౌన్, కావాల్సింది 3 గజాలు. అందరూ రన్ అనుకున్నారు. ఈగల్స్ పాస్ వేసింది. బార్క్‌లీ చేతిలోకి వచ్చిన బంతి జారిపోయింది. గడియారం ఆగింది. ఫీల్డ్ గోల్‌తో 21-15 చేశారు కానీ అట్లాంటా చివరి నిమిషంలో టచ్‌డౌన్ కొట్టి 22-21తో గెలిచింది. ఆ పాస్ పట్టి ఉంటే మ్యాచ్ అక్కడే అయిపోయేది, నిజమే. కానీ రన్ చేసి ఆగిపోయినా గడియారం నడిచేది. పాస్ తప్పితే రెండూ పోతాయి. పోయాయి కూడా.

ఐదో వారం విరామం తర్వాత టీమ్ పద్ధతి మార్చింది. హర్ట్స్ చేతులతో గెలవడం కాదు, ముందు బార్క్‌లీ కాళ్లతో ఎదుటివాడిని లోపలికి లాగడం. లైన్‌లో ఉన్నవాళ్లు కొండల్లాంటి మనుషులు. లెఫ్ట్ టాకిల్ జోర్డన్ మైలాటా ఆస్ట్రేలియాలో రగ్బీ లీగ్ ఆడి వచ్చినవాడు, ఎత్తు 6 అడుగుల 8 అంగుళాలు. ఈగల్స్‌కి రాకముందు అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచే ఆడలేదు. ఇంకోవైపు లేన్ జాన్సన్. వీళ్లను తీర్చిదిద్దింది లైన్ కోచ్ జెఫ్ స్టౌట్‌ల్యాండ్. నవంబర్ 24న లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ మీద బార్క్‌లీ 255 గజాలు పరిగెత్తాడు. అందులో రెండు టచ్‌డౌన్లు 70 గజాలు, 72 గజాలు.

అక్కడితో కథ సుఖాంతం అయ్యిందా? లేదు. డిసెంబర్ 8న క్యారలైనా పాంథర్స్‌పై 22-16తో గెలిచారు. వరుసగా తొమ్మిదో గెలుపు. కానీ పాస్‌లతో హర్ట్స్ సాధించింది 108 గజాలే. మ్యాచ్ తర్వాత టీమ్ ఎక్కడ మెరుగుపడాలని రిపోర్టర్లు అడిగితే ఏజే బ్రౌన్ ఒకే ఒక్క మాట అన్నాడు.. 'పాసింగ్'. అంతే, పెద్ద దుమారం. బ్రౌన్, హర్ట్స్ మధ్య దూరం పెరిగిందని సీనియర్ ఆటగాడు బ్రాండన్ గ్రాహమ్ రేడియోలో అనడం, తర్వాత క్షమాపణ చెప్పడం కూడా జరిగాయి.

గెలుస్తున్న టీమ్‌లో ఈ గొణుగుడేంటని చాలామంది బ్రౌన్‌ని తిట్టారు. కానీ ఆలోచిస్తే అతను చెప్పింది కరెక్టే. పాస్ వేయగలరన్న నమ్మకం ఎదుటివాడికి పోతే, రన్ కూడా పోతుంది. ఒక్క వారం తర్వాత పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో మ్యాచ్‌లో హర్ట్స్ 290 గజాలు విసిరాడు. బ్రౌన్ 110, స్మిత్ 109 గజాలు అందుకున్నారు. ఆ రోజు బార్క్‌లీ వంద గజాల దరిదాపుల్లోకి కూడా రాలేదు. అయినా 27-13తో గెలిచారు. ఫిబ్రవరిలో జరగబోయేదానికి ఇది ట్రైలర్.

ఫైనల్లో ఏం జరిగింది?

ప్లేఆఫ్స్‌లో ర్యామ్స్ మీద మంచులో 205 గజాలు, ఆ తర్వాత వాషింగ్టన్ మీద మొదటి సారి బంతి అందుకోగానే 60 గజాల టచ్‌డౌన్.. ఇవన్నీ చూశాక చీఫ్స్ డిఫెన్స్ కోచ్ స్టీవ్ స్పాగ్నోలో టీమ్ ఏం చేస్తుంది? బార్క్‌లీ దారి మూసేసింది. అందులో సక్సెస్ అయ్యింది కూడా. 25 సార్లకి 57 గజాలు అంటే అదే.

కానీ ఆ దారి మూయడానికి మనుషులు ఎక్కడినుంచో రావాలి కదా. హర్ట్స్ 22 పాస్‌లు విసిరితే 17 సరిగ్గా అందాయి. 221 గజాలు, రెండు టచ్‌డౌన్లు. మూడో క్వార్టర్ చివర్లో డివాంటా స్మిత్‌కి విసిరిన 46 గజాల టచ్‌డౌన్‌తో స్కోరు 34-0. పైగా హర్ట్స్ స్వయంగా 72 గజాలు పరిగెత్తాడు. సూపర్ బౌల్‌లో ఒక క్వార్టర్‌బ్యాక్ పరిగెత్తిన అత్యధిక దూరం అదే. ఎంవీపీ కూడా అతనే.

ఆగిపోయిన రన్‌లు కూడా వృథా పోలేదు. ఈగల్స్ మొత్తం 45 రన్‌లు ఆడి 135 గజాలు చేసింది. సగటు మూడు గజాలే. కానీ బంతి దాదాపు 37 నిమిషాలు వాళ్ల దగ్గరే ఉంది. మహోమ్స్ బెంచ్ మీద కూర్చుని చూడాల్సి వచ్చింది.

ఇప్పుడు అటువైపు చూడండి. చీఫ్స్ మొత్తం మ్యాచ్‌లో ఆడిన రన్‌లు 11. వాటిలో ఎక్కువ గజాలు తెచ్చింది ఎవరో కాదు, క్వార్టర్‌బ్యాక్ మహోమ్సే.. 25. ఫస్ట్ హాఫ్‌లో ఆ టీమ్ అన్నీ కలిపి చేసింది 23 గజాలే! రన్ భయం లేదు కాబట్టి ఈగల్స్ డిఫెన్స్‌కి పని సులువైపోయింది. ముందు ఉన్న నలుగురు నేరుగా మహోమ్స్ మీదకే, మిగతా ఏడుగురు వెనకాల కాపలా. అదనంగా మనిషిని పంపే బ్లిట్జ్ ఒక్కసారి కూడా వాడలేదు. అయినా మహోమ్స్‌ని ఆరుసార్లు పడగొట్టారు, రెండు పాస్‌లు లాగేసుకున్నారు. హాఫ్ టైమ్‌కి 24-0.

లీగ్‌లో బెస్ట్ పాసర్ చేతిలో ఒకే దారి మిగిలితే ఇలా ఉంటుంది. బెస్ట్ రన్నర్ ఆగిపోయినా ఇంకో దారి ఉంటే అలా ఉంటుంది.

తూకం తప్పితే ఏమవుతుందో అట్లాంటాని అడగండి

బ్యాలెన్స్ అంటే ఎప్పుడు ఏది అని తెలియడం కూడా. 2017 ఫిబ్రవరి 5న హ్యూస్టన్‌లో జరిగిన సూపర్ బౌల్ ఇందుకు పెద్ద పాఠం. ఫాల్కన్స్ ఒక దశలో 28-3 ఆధిక్యంలో ఉంది. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ పుంజుకుని 28-20కి తెచ్చింది. ఇంకా నాలుగున్నర నిమిషాల పైచిలుకు ఉండగా జూలియో జోన్స్ అద్భుతమైన క్యాచ్‌తో ఫాల్కన్స్ అవతలి 22 గజాల గీత దగ్గరికి చేరింది. అక్కడ నుంచి ఫీల్డ్ గోల్ కొడితే లీడ్ 11. మ్యాచ్ దాదాపు ముగిసినట్టే.

ఒక రన్‌కి ఒక గజం వెనక్కి. సరే, ఇంకో రెండు రన్‌లు ఆడి కిక్ కొట్టొచ్చు. కానీ పాస్‌కి వెళ్లారు. క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ ర్యాన్‌ని పడగొట్టడంతో 12 గజాలు పోయాయి. తర్వాత పెనాల్టీతో మరో 10. ఫీల్డ్ గోల్ దూరం దాటిపోయింది. బంతి టామ్ బ్రేడీ చేతికి పోయింది. స్కోరు సమం, ఎక్స్‌ట్రా టైమ్, 34-28తో పేట్రియట్స్ గెలుపు. పాస్ బాగా ఆడే టీమ్ పాస్ ఆడటం తప్పు కాదు. కానీ అప్పుడు కావాల్సింది గజాలు కాదు, గజాలు పోకుండా ఉండటం.

మరి రావెన్స్ ఎందుకు గెలవలేదు?

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి. నిజమైన బ్యాలెన్స్ అంటే బాల్టిమోర్ రావెన్స్‌ది కదా? 2024 సీజన్‌లో డెరిక్ హెన్రీ 1,921 గజాలు పరిగెత్తాడు. క్వార్టర్‌బ్యాక్ లమార్ జాక్సన్ 41 టచ్‌డౌన్ పాస్‌లు వేసి నాలుగే ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. ఒకే సీజన్‌లో 4,000 గజాల పాస్, 3,000 గజాల రన్ సాధించిన మొదటి టీమ్ అది. లీగ్ చరిత్రలోనే!

అయినా 2025 జనవరి 19న బఫెలోలో 27-25తో ఓడిపోయింది. బంతిని మూడుసార్లు పోగొట్టుకుంది. చివర్లో స్కోరు సమం చేసే రెండు పాయింట్ల పాస్ మార్క్ ఆండ్రూస్ చేతిలోంచి జారిపోయింది. అంటే రన్-పాస్ బ్యాలెన్స్ గెలుపుకి గ్యారంటీ కాదు. తలుపు తెరుస్తుంది, అంతే. లోపలికి నడవాల్సింది ఆటగాళ్లే.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పుకోవాలి. 'ఎక్కువ రన్‌లు ఆడిన టీమ్‌లే గెలుస్తాయి' అని టీవీల్లో తరచూ వినిపిస్తుంది. ఇందులో సగం ఉల్టా లెక్క. లీడ్‌లో ఉన్నవాళ్లు టైమ్ గడపడానికి చివర్లో రన్‌లు ఆడతారు. అంటే రన్‌ల వల్ల గెలిచారని కాదు, గెలుస్తున్నారు కాబట్టి రన్‌లు పెరిగాయి. అలాగే, ఇస్తున్నట్టు నటించి పాస్ వేసే ప్లే యాక్షన్ పనిచేయాలంటే ముందు బోలెడు రన్‌లు ఆడాలన్నది కూడా డేటా చూసినవాళ్లు ఒప్పుకోని మాట. ఎన్నిసార్లు పరిగెత్తారన్నది కాదు, పరిగెత్తితే తట్టుకోలేమన్న అనుమానం ఎదుటివాడికి ఉందా అన్నదే ముఖ్యం.

ఇక ముందు ఏంటి?

బార్క్‌లీ డీల్ చూసి మిగతా టీమ్‌లు రన్నింగ్ బ్యాక్‌ల వెంట పడే ఛాన్స్ అప్పట్లో కనిపించింది. 2025 ఏప్రిల్ డ్రాఫ్ట్‌కి ముందే బాయిసీ స్టేట్ కుర్రాడు ఆష్టన్ జీంటీ పేరు మోగిపోయింది. కాలేజీ సీజన్‌లో 2,601 గజాలు పరిగెత్తాడు. 1988లో బ్యారీ శాండర్స్ రికార్డు 2,628కి కొద్దిలో ఆగాడు. టాప్ టెన్‌లో రన్నింగ్ బ్యాక్‌ని తీసుకోవడం తప్పు అన్న మాట 2023లో సామెతలా ఉండేది. 2025 వచ్చేసరికి అంత గట్టిగా ఎవరూ అనలేదు.

కానీ ఈగల్స్‌ని కాపీ కొట్టాలంటే బార్క్‌లీ ఒక్కడు చాలడు. ఆ లైన్ కావాలి, బ్రౌన్-స్మిత్ జంట కావాలి, పరిగెత్తగల హర్ట్స్ కావాలి. ఇదే బార్క్‌లీ 2023లో జెయింట్స్‌లో వెయ్యి గజాలు కూడా దాటలేదు. మనిషి మారలేదు, చుట్టూ ఉన్న లెక్క మారింది. ఈ తేడా అర్థం చేసుకోకుండా చెక్కు రాసే టీమ్‌లు మళ్లీ రెండేళ్లకి 'రన్నింగ్ బ్యాక్‌లు దండగ' అంటాయి. ఆ మాట దెబ్బ తగిలేది ఇంకో పాతికేళ్ల కుర్రాడి జీతానికి.

ఈగల్స్‌కి కూడా ముందు దారి పూలబాట కాదు. ప్లేలు పిలిచిన ఆఫెన్స్ కోఆర్డినేటర్ కెల్లెన్ మూర్ న్యూ ఆర్లీన్స్ సెయింట్స్ హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. 2025లో ఆ పని కెవిన్ పటూలోకి అప్పగించారు. అలాంటి సీజన్ తర్వాత 31 టీమ్‌ల డిఫెన్స్ కోచ్‌లు బార్క్‌లీ వీడియోలే చూస్తారు. బాక్స్‌లోకి మళ్లీ మనుషుల్ని దింపుతారు. అప్పుడు బ్రౌన్ డిసెంబర్‌లో అన్న ఆ ఒక్క మాట మళ్లీ ముందుకొస్తుంది.

ఇక అన్నింటికంటే పెద్ద ప్రశ్న బార్క్‌లీ ఒంటిది. ప్లేఆఫ్స్ కలిపితే 2024 సీజన్‌లో 436 సార్లు బంతి పట్టుకుని గుంపులోకి దూకాడు. మొత్తం 2,504 గజాలు. 1998లో టెరెల్ డేవిస్ చేసిన 2,476ని దాటేశాడు. ఆ డేవిస్ సంగతి గుర్తుండాలి. ఆ సీజన్ తర్వాతి ఏడాదే మోకాలు దెబ్బతిని, మళ్లీ ఎప్పుడూ మునుపటి ఆట ఆడలేకపోయాడు. బార్క్‌లీకి సూపర్ బౌల్ రోజునే 28 నిండాయి.

కాబట్టి 2025 సీజన్‌లో బార్క్‌లీ మళ్లీ 2,000 కొట్టాలని ఈగల్స్ కోరుకోలేదనుకోవచ్చు. 1,200 గజాలు పరిగెత్తి జనవరికి కాళ్లు నిలబెట్టుకుంటే చాలు. డిఫెన్స్ మాత్రం ప్రతి ప్లేకీ అతన్నే చూస్తూ ఉండాలి. న్యూ ఆర్లీన్స్‌లో చీఫ్స్ అతన్నే చూశారు, స్కోర్‌బోర్డు మీద 40 పడింది. ఆ 41 మిలియన్లలో సగం గజాలకైతే మిగతా సగం ఆ చూపులకే.